కుడి జేబు

లియెపాయాలో ట్రామ్ మలుపు తిరిగే చోట
మూడు మెట్లు కిందికి దిగితే నా కొట్టు.
కిటికీ రోడ్డుకు సమానం.
దారినపోయే వాళ్ళ ముఖాలు కనపడవు నాకు,
బూట్లు కనపడతాయి.
అందుకే కాబోలు, పత్రికల కంటే నెల ముందే తెలిసిపోయింది:
ఫ్యాక్టరీ బూట్లు
మిట్టమధ్యాహ్నం నడుస్తున్నాయి,
ఏ తొందరా లేకుండా.

ఆ శీతాకాలమే నువ్వు నోటుపుస్తకం పట్టుకొచ్చావు ఇంగూనా.
"పిన్నీ, బడి అయిపోవస్తోంది.
ఈ మాంద్యంలో నిలబడే పని ఏది?
అది నేర్చుకుంటాను" అన్నావు.
పెన్ను మూత కూడా తీశావు.

ఏం చెప్పను?
పళ్ళ డాక్టరు కుర్చీ ఖాళీ,
నొప్పిని రెండోవైపు నమలడం నేర్చుకున్నారు జనం.
గునార్స్ శవపేటికలకు గిరాకీ తగ్గలేదు,
ఓకు చెక్క పోయి పైన్ వచ్చింది, అంతే.
పైపులు బాగుచేసే అతనికి బంగాళదుంపలతో
కూలి ఇస్తున్నారట, ఇల్లంతా మట్టివాసన.
బస్టాండులో డబ్లిన్ టిక్కెట్లమ్మే పిల్ల
ఆదివారాలు కూడా పనిచేస్తోంది.
తాళాలు మార్చే అతణ్ణి బ్యాంకు పిలుస్తుంది, వెళ్తాడు,
మార్చినంతసేపూ తాళంకప్పనే చూస్తాడు,
గుమ్మం బయట నించున్న పిల్లల్ని చూడడు.
ఇవన్నీ నిలబడ్డ పనులే. రాసుకో.

పంతులమ్మ బిరూతా జీతం కోశారు.
ఆమె స్కర్టు నడుము నేను కోశాను, రెండంగుళాలు.
"ఇద్దరిదీ ఒకే కత్తెర" అని నవ్వింది.
నేను నవ్వలేకపోయాను. నాకు ఆ నెల
పదకొండు స్కర్టులు వచ్చాయి మరి.

ఒక సాయంత్రం, దీపాలు పెట్టాక,
మెట్లు దిగి ఇండులిస్ వచ్చాడు.
అదే, బ్యాంకు ఇండులిస్.
ఆరేళ్ళ కిందట కొత్త మిషనుకు అప్పడిగితే
"కుట్టుపనికి భవిష్యత్తు లేదమ్మా" అన్నవాడు.
గుర్తుపట్టాడో లేదో.
కోటు విప్పి బల్లమీద పరిచాడు:
"తిరగేసి కుట్టగలరా? పై వైపు వెలిసిపోయింది.
సోమవారం ఒక చోట మాట్లాడ్డానికి పిలిచారు."

తిరగేయడమంటే, పిల్లా,
కోటు మొత్తం విప్పెయ్యాలి, ఒక్కో కుట్టూ.
పాత దారం పీకి, ఆవిరిపట్టి,
లోపల దాగిన వైపుని బయటికి తేవాలి.
మూడు రాత్రులు పట్టింది.
లోపల ఎంత నీలమో!
పన్నెండేళ్ళుగా ఆ మనిషి
అంత రంగుని ఒంటికే హత్తుకుని తిరిగాడు,
ఒక్కరికీ చూపకుండా.

"ఒక్కటే ఇబ్బంది" అని చెప్పాను,
"తిరగేస్తే ఛాతీ జేబు కుడివైపుకి వస్తుంది.
తెలిసినవాళ్ళు కనిపెట్టేస్తారు."
అద్దంలో చూసుకుని చెయ్యి అలవాటుగా ఎడమకే వేశాడు.
అక్కడ ఏమీ లేదు.
"పోనీలెండి, గుండె మీద బరువు తగ్గింది" అన్నాడు.

రెండు లాట్లు ఎక్కువే తీసుకున్నాను.
చెప్పకపోతే నీతో అబద్ధమాడినట్టవుతుంది.
అతను లెక్కపెట్టి ఇచ్చాడు, బ్యాంకువాళ్ళలాగే,
వేలు తడుపుకుని.

నా పని నిలబడిందంటున్నావు ఇంగూనా.
ముప్పై ఏళ్ళుగా కూర్చునే ఉన్నాను.
నడుము ఇలా వంగింది, చూపు సూదిబెజ్జం దాటట్లేదు.
ఊరు చిరిగినప్పుడే నాకు అన్నం,
ఇది గొప్పా, సిగ్గా, ఇంకా తేల్చుకోలేదు.
కావాలంటే రా, కాజాలు కుట్టడం నేర్పుతాను.
ముందు నోటుపుస్తకం మూసెయ్యి,
దారం ఎక్కించు, వెలుతురు ఉండగానే.

అన్నట్టు, నిన్న ట్రామ్‌లో లెక్కపెట్టాను.
మా ఊరు గాలికి పుట్టిల్లు కదా,
ఎవరూ కోటు బొత్తాలు విప్పరు,
తేలిగ్గా కనిపిస్తుంది:
కుడి జేబు కోట్లు ఏడు.
నాలుగు నా చేతివి.
మిగిలిన మూడూ ఎవరు కుట్టారో,
ఎంత వెతికినా
కుట్టు కనపడలేదు.